దానమా? క్రయమా?

ఈ నడుమ నొక యాదివారమునాడు మేమింటివారితో గూడి "ఆల్ ది బ్యూటీ అండ్ ది బ్లడ్‌షెడ్" అను డాక్యుమెంటరీ చిత్రమును చూచితిమి. లారా పోయిట్రస్ అను అమెరికా వనిత దీనిని తీసెను. 2022వ సంవత్సరమున వెనిస్ చలనచిత్రోత్సవమందు దీనికి స్వర్ణసింహ పురస్కారము వచ్చెను. చిత్రము ముగిసిన పిదప వడ్డించిన యన్నము చల్లారువఱకు మా యింట వాదము జరిగినది. తుదకు మా కుమార్తె, "పేరు తీసివేసినారు సరే నాన్నగారూ, సొమ్ము మాటేమిటి?" అని యడిగెను. మేము నీళ్లు నమలితిమి. ఇరువదియేండ్లుగా పిల్లలకు ప్రశ్నలు వేయుటయే వృత్తిగా గలవారము, ఒక పిల్ల వేసిన ప్రశ్నకు తడబడితిమి. ఈ వ్యాసమా తడబాటునుండి పుట్టినది.

చిత్రమునకు నాయిక నాన్ గోల్డిన్ అను ఛాయాచిత్రకారిణి. 1953లో జన్మించిన యీమె తన స్నేహితుల ప్రేమలను, వ్యసనములను, మరణములను దాపఱికము లేక ఛాయాచిత్రములుగా తీసి పేరుగాంచినది. అమెరికా ఐరోపాలలోని గొప్ప మ్యూజియములు పెక్కింట నామె చిత్రములు కలవు. 2014లో శస్త్రచికిత్స జరిగినపుడు వైద్యులు నొప్పికై యిచ్చిన ఆక్సీకాంటిన్ అను మాత్రలకామె బానిసయైనది. చికిత్స పొంది బయటపడిన పిదప, 2017లో, కొందఱు మిత్రులతో గలిసి "పెయిన్" అను సంఘమును స్థాపించెను. ఆ మాటకు నొప్పియని యర్థము.

ఆక్సీకాంటిన్ నల్లమందు జాతికి చెందిన యౌషధము. దీనిని 1996లో పర్‌డ్యూ అను కంపెనీ అమ్మకమునకు తెచ్చెను. ఆర్థర్, మార్టిమర్, రేమండ్ శాక్లర్లను మువ్వురన్నదమ్ములు, మువ్వురును వైద్యులే, 1952లో కొనిన యొక చిన్న మందుల కంపెనీ దీనికి మూలము. ఇతర మందులకన్న దీనికలవాటుపడు భయము తక్కువయని కంపెనీవారు వైద్యులకు నూరిపోసి అమ్మిరి. ఆ మాట జనులను తప్పుత్రోవ పట్టించునదియే యని 2007లో న్యాయస్థానమున నేరము నొప్పుకొని, 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించిరి. 2020లో కంపెనీ మరల నేరము నొప్పుకొన్నది. ఆ దేశమున 1999 మొదలు 2021 వఱకు నల్లమందు జాతి పదార్థములను మోతాదు మించి పుచ్చుకొని సుమారు 6,45,000 మంది చనిపోయిరి. తరువాతి యేండ్ల మరణములలో అధికభాగము హెరాయినువలనను, దొంగచాటుగా చేసిన ఫెంటనిల్‌వలనను కలిగినవి గనుక, ఈ చావులన్నిటిని ఒక్క కుటుంబము నెత్తిన రుద్దుట న్యాయము కాదు. కుటుంబమువారు తాము తప్పు చేయలేదనియే చెప్పుచున్నారు. వారిలో నెవరికిని నేరశిక్ష పడలేదు. ఈ రెండు మాటలను ముందుగా చెప్పియుంచుట మా విధి.

ఇక న్యూయార్కులోని మెట్రపాలిటన్ మ్యూజియమున నొక గుడి కలదు. దెండూరు గుడి యందురు. క్రీస్తునకు పూర్వము 15వ సంవత్సర ప్రాంతమున రోమక చక్రవర్తియగు ఆగస్టసు నైలునది యొడ్డున దానిని కట్టించెను. అస్వాను ఆనకట్ట నీటిలో మునుగనున్న యా గుడిని రాయి రాయిగా విప్పి, ఈజిప్టు ప్రభుత్వమువారు 1965లో అమెరికాకు కానుకగా నిచ్చిరి. 1978లో మ్యూజియమున దానిని ప్రజలకు తెఱచినపుడు, దానిని నిలిపిన విశాలమందిరమునకు శాక్లర్ల పేరు పెట్టిరి. ఆ గుడి గోడలమీద ఆగస్టసు ఫారో వేషము ధరించి దేవతలకు నైవేద్యము లిచ్చుచున్నట్లు బొమ్మలు చెక్కబడియున్నవి. దేశమును జయించిన పరాయిరాజు, ఆ దేశపు దేవతలకు గుడి కట్టించి, గోడమీద పరమభక్తుడై నిలిచినాడు! లోపలి గోడమీద పాతదాత, వెలుపలి గోడమీద క్రొత్తదాతలు. ఈ కథకింతకంటె తగిన రంగస్థలమును నాటకకర్త యెవడును కల్పింపజాలడు.

2018 మార్చి 10వ తేదీని గోల్డిన్‌యు నామె మిత్రులును ఆ గుడి ముందఱి కొలనులోనికి మందుసీసాలు విసరి, నేలమీద శవములవలె పరుండిరి. చిత్రము నారంభమున నీ దృశ్యమును చూపుదురు. మఱుసటి ఫిబ్రవరిలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియపు మెలికల మేడపైనుండి మందుచీట్లను మంచువలె కురిపించిరి. లండనులోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి శాక్లర్లు 10 లక్షల పౌనులీయనుండగా, ఆ సొమ్ము పుచ్చుకొన్నచో తన చిత్రముల ప్రదర్శన మక్కడ జరుగనీయనని గోల్డిన్ చెప్పెను. 2019 మార్చిలో ఆ దానము నిలిచిపోయినది. అంతట కట్ట తెగినట్లైనది. టేటు, గుగ్గెన్‌హైమ్, మెట్రపాలిటన్ వరుసగా ఇకపై శాక్లర్ల సొమ్ము పుచ్చుకొనబోమనిరి. 2019 జూలైలో పారిసులోని లూవ్రు, 2021 డిసెంబరులో మెట్రపాలిటన్, 2022లో లండనులోని బ్రిటిష్ మ్యూజియము, విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియము గోడలనుండి ఆ పేరు తీసివేసినవి.

చిత్రమునకిది విజయగాథ. మెట్రపాలిటన్ గోడమీద పేరు లేకుండుట చూచి గోల్డిన్ మిత్రులు సంతోషించునపుడు మేమును సంతోషించితిమి. కాని సంతోషము వేఱు, విచారణ వేఱు. తేదీలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. కంపెనీ నేరము నొప్పుకొన్నది 2007లో. ఆ వార్త పత్రికలన్నిటను పడినది. విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమువారు శాక్లర్ల పేర నొక క్రొత్త ప్రాంగణమును తెఱచినది 2017లో. నడుమ పదియేండ్లు! ఆ పదియేండ్లును ఈ కళాపోషకులు పత్రికలు చదువలేదనుకొందమా? 2019లో ఆ మ్యూజియపు డైరెక్టరు, ఆ కుటుంబము తమకు చేసిన సాయమునకు గర్వించుచున్నామని బహిరంగముగా చెప్పెను. మూడేండ్లకు పేరు దిగినది. మౌనముగా నుండి గాలి మాఱినపుడు గొడుగు మార్చిన వారికంటె ఆ డైరెక్టరే మాకు కొంత మేలుగా తోచుచున్నాడు. నమ్మినదో నమ్మనిదో, ఒక మాటను పైకి చెప్పినాడు.

మఱియొక చిక్కు కలదు. దెండూరు మందిరమునకు సొమ్మిచ్చినది ఆక్సీకాంటిన్ పుట్టుటకు రెండుపదుల యేండ్లకు పూర్వము. అన్నదమ్ములలో పెద్దవాడైన ఆర్థరు 1987లోనే చనిపోయెను. (వైద్యులకు మందులను ప్రకటనలద్వారా అమ్ము విద్యకు ఆయన ఆద్యులలో నొకడని చెప్పుదురు, అది వేఱుకథ.) కావున పాపపు సొమ్ము తాకుటచే మందిరము మైలపడినదని వాదించువారికి ఇచ్చట నేల దొరకదు. ఆ సొమ్ము ఈ మాత్రల సొమ్ము కాదు. అట్లైనచో ఆ కొలనులో సీసాలు పడవేయుట అన్యాయమా? కాదనియే మా యభిప్రాయము. సొమ్ము పాతదైనను పేరు దినదినమును క్రొత్తగా పనిచేయుచుండెను. 1996 తరువాత ఆ కుటుంబమును గూర్చి యెవడైన సందేహించినచో, వానికి ఆ గుడి సమాధానము చెప్పుచుండెను: ఇంతటి రసజ్ఞులు, ఇంతటి దాతలు అట్టి పని చేయుదురా యని. కళాశాలల గోడలు ఆ యింటికి జామీను నిలిచినవి. విచారింపవలసినది ఈ జామీనును గూర్చి.

సొమ్ములోని మైలను గూర్చి మన పూర్వులును చింతించిరి. మనుస్మృతి నాల్గవ యధ్యాయమున ఎవరి చేతి దానము పట్టరాదో పట్టిక కలదు. క్షత్రియజన్మము లేని రాజు, కసాయివాడు, గానుగవాడు, కల్లమ్మువాడు మున్నగువారందున్నారు. పుట్టుకను కులవృత్తిని చూచి అంటు నిర్ణయించిన యా పట్టికను మేము మన్నింపజాలము. ఒడలు వంచి గానుగ త్రిప్పుకొనువాని రూకలో అశుచి యేమున్నది? చిత్రమేమనగా, నేటి ధర్మాగ్రహపరులలో కొందఱు తెలియకయే ఆ పట్టికను మరల వ్రాయుచున్నారు. ఫలాని వ్యాపారము మడి, ఫలాని వ్యాపారము అంటు. ఫలాని కంపెనీ పేరు వినబడినంతనే చెవులు మూసికొనవలెను. ఎవడు ఏమి చేసెను, దానికి రుజువేది, ఆ రుజువు పుచ్చుకొన్నవానికి ఎప్పుడు తెలిసెను అను మూడు ప్రశ్నలు వేయని యాగ్రహము మడికట్టుకొనుటకు నామాంతరము. శాక్లర్ల విషయమున ఆ మూటికిని తేదీలతో సమాధానము దొరకుచున్నది గనుకనే మేము గోల్డిన్ పక్షమున నున్నాము.

ఎదుటి పక్షమువారి మాటను తేలికగా తోసివేయరాదు. 1905లో రాక్‌ఫెల్లరు అమెరికాలోని యొక క్రైస్తవ విదేశ ప్రచారసంఘమునకు 1,00,000 డాలర్లీయగా, వాషింగ్టన్ గ్లాడెన్ అను మతాచార్యుడు అది కళంకపు సొమ్మని యెలుగెత్తెను. కొంతకాలమునకు సంఘమువారే ఆ సొమ్మును అడిగి తెచ్చుకొన్నారని బయటపడినది! ఆ యేడే లండనులో బెర్నార్డు షా "మేజర్ బార్బరా" నాటకమును ప్రదర్శించిరి. సారాయి యజమాని, ఫిరంగుల యజమాని యిచ్చిన సొమ్మును పరోపకారసంఘము చేతులు చాచి పుచ్చుకొనుట చూచి బార్బరా తన యుడుపునకున్న బిళ్లను విప్పివేయును. లోకములోని సొమ్మంతయు నొకే చెఱువు నీరు, అందులో శుచియైన చెంబెక్కడ దొరకునని షా వాదము. ఈ వాదమునకు మేమిప్పటికిని పూర్తిగా జవాబు చెప్పలేము. మా జీతము ప్రభుత్వపు బొక్కసమునుండి వచ్చును. ఆ బొక్కసములో మద్యపు రాబడి యెంతయో మా పాఠకులెఱుగుదురు.

బీదవాని మాటయు నొకటి కలదు. గోల్డిన్ సీసాలు విసరుటకు తొమ్మిది దినములకు ముందు, 2018 మార్చి 1వ తేదీనుండి, మెట్రపాలిటన్ మ్యూజియమువారు న్యూయార్కు రాష్ట్రము వెలుపలి పెద్దలు 25 డాలర్ల టిక్కెట్టు కొనియే తీఱవలెనని నియమము చేసిరి. అంతకుముందు ఎవరికి తోచినది వారు చెల్లించి లోనికి పోవచ్చును. దాతను కాదన్నచో ఆ భారము ద్వారముకడ నిలిచిన బీదవానిపై పడదా? ఈ ప్రశ్న చిత్రమునందు మాకు కానరాలేదు. కుటుంబపు దుఃఖమును, పోరాటమును, పాత ఛాయాచిత్రములను మూడుపేటలుగా అల్లిన యీ దర్శకురాలు, మ్యూజియపు లెక్కల పుస్తకమును మాత్రము తెఱచి చూడలేదు. అది మాకు లోపముగనే తోచినది.

ఆ పుస్తకము తెఱచినచో నేమి కనబడునో టేటు కథ చెప్పుచున్నది. లండనులోని ఈ చిత్రశాలకు బీపీ అను చమురు కంపెనీ 1990 మొదలు 2017 వఱకు పోషకత్వము వహించెను. 2010లో మెక్సికో సింధుశాఖలో ఆ కంపెనీ బావి పగిలి సముద్రము పాడైనది. ఆ వేసవిలోనే ఇరువదియేండ్ల బాంధవ్యమును పురస్కరించుకొని టేటువారు విందు చేయగా, నిరసనకారులు వాకిట బెల్లపుమడ్డి కుమ్మరించిరి. ఏటికెంత పుచ్చుకొనుచున్నారని యడిగినవారికి టేటువారు చెప్పక పెనుగులాడి, విచారణసభ తీర్పుమీద 2015లో లెక్క బయటపెట్టిరి. 1990 నుండి 2006 వఱకు సాలుకు సగటున 2,24,000 పౌనులు! టేటు రాబడిలో నూటికొక వంతునకు లోపు. బీపీ లేనిదే చిత్రశాలకు దీపము వెలుగదనుకొన్నవారు నివ్వెఱపోయిరి. అంత గొప్ప యింటి గోడ అంత చౌకగా పోయినది. కంపెనీలకిది తెలియును గనుకనే విడిచిపెట్టరు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మ్యూజియము అదే కంపెనీనుండి పదియేండ్లకు 5 కోట్ల పౌనుల యొడంబడిక కుదుర్చుకొన్నది. శాక్లర్ల పేరు చెఱిపిన మఱుసటి యేడే!

మన కవులు ఈ విషయమున ఎక్కువ నిష్కపటులు. కృతి నంకితమిచ్చునపుడు కవి కృతిభర్త వంశమును వర్ణించును, తనకు దక్కిన మన్ననలను చెప్పుకొనును; తానిచ్చినదేదో పుచ్చుకొన్నదేదో పీఠికయందే యుండును. చదువరి మోసపోడు. ఇష్టము లేనివాడు పోతనవలె నాగలి పట్టెనని మనవారు చెప్పుకొందురు. అట్లని శ్రీనాథుని మనము తక్కువ కవిగా లెక్కింపలేదు. మ్యూజియములు మాత్రము క్రయమును చేసి దానమని పేరు పెట్టుచున్నవి. లూవ్రువారు పేరు తీసివేసినపుడు చెప్పిన కారణమును చూడుడు: నామకరణపు హక్కు ఇరువది యేండ్లే, ఆ గడువు దాటిపోయినదట. నేరము మాటయే లేదు! గడువు తీఱిన యద్దెయింటి కథ యది. అద్దెయే యైనచో మొదటినుండి అద్దె యని వ్రాయరాదా?

మా కుమార్తె ప్రశ్నకు సమాధాన మిచ్చట దొరకుచున్నట్లున్నది. అది దానమైనచో దాతకు పేరుమీద హక్కు లేదు. తీసివేయుటకు మ్యూజియము పదియేండ్లు తటపటాయింప నక్కఱ లేదు. క్రయమైనచో, సరకు వెనుకకు తీసికొన్నవాడు వెలను కూడ వెనుకకీయవలెను, శాక్లర్లకు కాకున్నను ఆ మాత్రలచే చెడిపోయిన కుటుంబములకు. సొమ్మును నిలుపుకొని పేరును చెఱుపుట యనగా రెండుమాఱులు లాభము పొందుట: ఆనాడు ధనము, ఈనాడు కీర్తి. ఇంతకంటె ఆ గోడమీద నాలుగు వాక్యముల ఫలకము మేలు. ఫలాని యేట ఇంత పుచ్చుకొంటిమి, ఫలాని యేట నేరము నొప్పుకొన్న వార్త వింటిమి, ఫలాని యేటివఱకు పేరు నుంచితిమి, ఎవరు వచ్చి యడిగినపుడు తీసితిమి. చూడవచ్చిన విద్యార్థికి ఆ ఫలకముకూడ చరిత్రయే యగును.

చిత్రములో మమ్మెక్కువగా కదలించినది కొలను దృశ్యము కాదు. 1989 నాటి సంగతి. ఆ యేట ఎయిడ్సు వ్యాధిచే తన మిత్రులు వరుసగా రాలిపోవుచుండగా గోల్డిన్ న్యూయార్కులో నొక ప్రదర్శనమును కూర్చెను. దాని పుస్తకమున డేవిడ్ వోయ్‌నరోవిచ్ అను చిత్రకారుడు మతాధిపతిని, శాసనసభ్యులను నిందించుచు వ్యాసము వ్రాసెను. ప్రభుత్వపు కళానిధివారు ఆగ్రహించి తామిచ్చిన 10,000 డాలర్ల గ్రాంటును ఉపసంహరించిరి. గగ్గోలు పుట్టగా, పుస్తకమునకు వాడరాదను నియమముతో మరల నిచ్చిరి. సంగీతవిద్వాంసుడు లెనర్డ్ బెర్న్‌స్టైన్ దానికి నిరసనగా దేశాధ్యక్షుడీయనున్న కళాపతకమును నిరాకరించెను. అదియు ధర్మాగ్రహమే, ఇదియు ధర్మాగ్రహమే. నాడు సొమ్మిచ్చువాడు కళాకారులపై ఆగ్రహించెను. నేడు కళాకారిణి సొమ్మిచ్చువానిపై ఆగ్రహించినది. ఒకే స్త్రీ జీవితమున రెండును జరిగినవి. దేనిని మెచ్చవలెను?

కోపగించినవాడు తన కంచమును తోసినాడా, పరుల కంచమును లాగినాడా యని మేము చూచుచున్నాము. 1989లో అధికారులకు పోయినదేమియు లేదు; చావుబ్రదుకులలోనున్న చిత్రకారుల పుస్తకమునకు ఆ సొమ్ము దక్కకపోయినది. బెర్న్‌స్టైను తన పతకమును వదలుకొనెను. గోల్డిన్ తన బ్రదుకు తెరువైన మ్యూజియములతోనే కలహించెను. 2019లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియపు పాలకసభలో బాష్పవాయు గోళములు చేయు కంపెనీ యజమాని యున్నాడని ఎనమండుగురు చిత్రకారులు ప్రదర్శనమునుండి తమ పనులను వెనుకకిమ్మని కోరిరి. ఆయన రాజీనామా యిచ్చెను. పేరురాని చిత్రకారునకు ఆ ప్రదర్శనము జన్మకొకమాఱు దొరకు నవకాశము. ఆ వెల చెల్లింప సిద్ధపడినవారి కోపమునకు మేము చేతులెత్తి నమస్కరింతుము. ఖర్చులేని కోపమును గూర్చి మాకంత గౌరవము లేదు. అందు మా కోపమును చేరును.

ఎందుకనగా మేమును ఒక గోడను అమ్మినవారమే. కొన్ని యేండ్లక్రిందట మేము పనిచేసిన యొక బడిలో గ్రంథాలయమునకు గది లేక పుస్తకములు చెదలు తినుచుండెను. మద్యపు దుకాణములు గల యొక ధనికుడు గది కట్టించెను. ప్రారంభోత్సవమునాడు ఆయనను కర్ణునితోను శిబితోను పోల్చి మేము పంచరత్నములు రచించి చదివితిమి, శాలువ కప్పించుకొంటిమి. మఱుసటి వారమున నొక పిల్లవాని తల్లి బడికి వచ్చినది. భర్త త్రాగి త్రాగి పోయిన ఇల్లాలు. గుమ్మముమీది పాలరాతిని చూచి, "మా ఇంటాయన డబ్బూ ఇందులో ఉందాండీ మాస్టారూ?" అన్నది. ఆ కంఠమున కోపము లేదు. ఉన్నదా యని తెలిసికొనుటకే యడిగినట్లుండెను. మేము పిల్లవాని హాజరు పట్టికను తెఱచి దానిలో తల దూర్చితిమి.

ఆ గదిలో ఆమె కుమారుడు చదువుకొనినాడు. ఆ సంగతి నిజము. ఆ గది వలదని మేమిప్పటికిని అనలేము. పద్యములు వలదని మాత్రము అనగలిగియుండవలసినది. గదికి ఇటుకలు చాలును, కర్ణుడక్కఱలేదు. ఈ మాట చెప్పినపుడు మా కుమార్తె, "ఆ పద్యాలు ఇంకా అక్కడే ఉన్నాయా?" యని యడిగినది. ఉన్నవి. అద్దముకట్టి గ్రంథాలయపు గోడకు వ్రేలాడదీసినారు. గత వారము ఆ బడి ప్రధానోపాధ్యాయులకు, పాలరాతిని గూర్చి చెప్పుటకు మాకధికారము లేదుగాని పద్యములు మావి గనుక దయచేసి దింపించుడని జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు.